సీరియల్ లైట్లు కడుతున్నారా? పాత సెట్టు దించడం నుంచి మళ్ళీ అటకెక్కించే దాకా

వినాయక చవితితో మొదలయ్యే లైట్ల హడావిడి దసరా, దీపావళి, కార్తీకం, క్రిస్మస్ మీదుగా సంక్రాంతి దాకా సాగుతూనే ఉంటుంది. మధ్యలో పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు సరేసరి. గీజరు బిగించడానికి ఎలక్ట్రీషియన్‌ని పిలిచే ఇంట్లో కూడా సీరియల్ సెట్టు కట్టే పని మాత్రం పదో తరగతి పిల్లాడికే అప్పగిస్తాం. "చిన్న చిన్న బుల్బులే కదా" అన్న ధైర్యం.

ఆ ధైర్యం ఎక్కడ తప్పో ముందు చూద్దాం. బజార్లో దొరికే మామూలు ఎల్ఈడీ సీరియల్ సెట్టులో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ప్లగ్గు పక్కన, బటన్ నొక్కితే మిణుకుల తీరు మార్చే చిన్న డబ్బా ఒకటి ఉంటుంది చూడండి, అందులో ఉండేవి నాలుగు డయోడ్లు, ఒక చిప్పు, వాటికి తోడు ఇంకొన్ని చిల్లర భాగాలు. వోల్టేజీని తగ్గించే ఏర్పాటు ఏదీ ఉండదు. ఒక్కో ఎల్ఈడీకి రెండు మూడు వోల్టులు చాలు. అందుకే పదుల కొద్దీ ఎల్ఈడీలను వరసగా కలిపి, ఇంటి కరెంటు 230 వోల్టులూ వాటికి పంచేస్తారు. అంటే గోడకు వేలాడే ఆ సన్నటి తీగ, మీ ఫ్యానుకు వెళ్ళే వైరు, రెండూ షాక్ విషయంలో ఒకటే. తేడా అల్లా ఫ్యాను వైరు గోడలో పైపు లోపల ఉంటుంది, ఇది పిల్లల చేతికి అందే ఎత్తులో ఉంటుంది.

ఇంకొక సంగతి. సెట్టు సగం ఆరిపోయిందనుకోండి, "అటువైపు కరెంటు లేదులే" అని చెయ్యి పెడతారు. ఒక వరసలో ఒక్క బుల్బు పోతే దారి తెగి ఆ వరసంతా ఆరిపోతుంది. కానీ తెగిన చోటు దాకా ఫేజు, అంటే షాక్ కొట్టే కరెంటు, వచ్చి కూర్చునే ఉంటుంది. వెలగని సెట్టును ముట్టుకునే ముందు కూడా ప్లగ్గు పీకాల్సిందే. స్విచ్ ఆపితే చాలదా అంటే, చాలదు. కొన్ని పాత ఇళ్ళలో స్విచ్ ఫేజుకు బదులు న్యూట్రల్‌ను, అంటే కరెంటు తిరిగి వెళ్ళే తీగను, తెంపేలా వైరింగ్ చేసి ఉంటుంది. అలాంటి చోట స్విచ్ ఆపినా లైటు ఆరుతుంది గానీ తీగలో ఫేజు అలాగే ఉంటుంది. ప్లగ్గు పీకితే ఈ అనుమానాలేవీ ఉండవు.

మొదటి పని: పాత సెట్లను పరీక్షించడం

పండగ ముందురోజు రాత్రి కాదు, కనీసం వారం ముందు దించండి. తడి లేని గచ్చు మీద, ప్లగ్గు పెట్టకుండా, సెట్టంతా చిక్కు తీసి పొడవుగా పరవండి. పగటి వెలుతురులో ఒక కొస నుంచి ఇంకో కొసకు వేళ్ళతో తడుముతూ వెళ్ళండి. ఎలుకలు కొరికిన చోట్లు, ప్లాస్టిక్ పగిలి లోపల రాగి కనిపించే చోట్లు, పచ్చగా చిలుము పట్టిన బుల్బు కాళ్ళు, ప్లగ్గు దగ్గర నల్లబడిన గుర్తులు, ఇవన్నీ వేలికో కంటికో దొరికిపోతాయి. ప్లగ్గులోకి వైరు వెళ్ళే మెడ దగ్గరా, డబ్బాలోకి వెళ్ళే చోటా కొంచెం ఎక్కువసేపు చూడండి. చాలా సెట్లు ముందుగా తెగేది అక్కడే.

తర్వాత అతుకుల సంగతి. పాత రకం ఫిలమెంట్ సెట్టులో ఒక బుల్బు పోతే, దాన్ని కత్తిరించి రెండు కొసలూ మెలేసి టేపు చుట్టడం మనకు అలవాటు. ఏడాదికి రెండు, మూడు చొప్పున ఇలా తగ్గుతూ పోతుంది. లెక్క చూడండి. నలభై బుల్బుల వరసలో ఒక్కోదానికి 230ని 40తో భాగిస్తే దాదాపు 5.75 వోల్టులు. పది తీసేసి ముప్పై మిగిల్చితే ఒక్కోదాని మీద 7.7 వోల్టులు పడతాయి. వెలుగు బాగా పెరిగిందని సంబరపడతాం గానీ, వేడి కూడా దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. అలాంటి బుల్బు థర్మాకోల్‌కో, కాగితపు పువ్వుకో ఆనుకుని ఉంటే చాలు. ఎల్ఈడీ సెట్టులోనూ అంతే. ఎల్ఈడీలు తగ్గించిన కొద్దీ మిగిలినవాటి గుండా కరెంటు పెరిగి, అవి కూడా త్వరగా మాడిపోతాయి. పోయినదాని స్థానంలో అదే రకం కొత్తది వెయ్యడం రిపేరు. ఉన్నదాన్ని కత్తిరించి కలపడం రిపేరు కాదు.

అతుకు వేయక తప్పకపోతే ఇలా చేయండి. రెండు వైర్ల అతుకులూ ఒకే చోట రాకుండా, ఒకటి రెండు అంగుళాలు ఎడంగా ఉండేలా కత్తిరించండి. అప్పుడు టేపు జారినా రెండు రాగి ముక్కలు ఒకదానికొకటి తగలవు. మెలిపెట్టి, వీలైతే టంకం పెట్టి, వేడి చేస్తే బిగుసుకునే స్లీవ్ తొడగండి. అది లేకపోతే మంచి పీవీసీ ఇన్సులేషన్ టేపును లాగి బిగుతుగా, ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు వచ్చేలా చుట్టండి. సెల్లో టేపు, గాయానికి వేసే బ్యాండేజీ టేపు దీనికి పనికిరావు. రెండో మూడో అతుకులు దాటిన సెట్టునైతే నేను ఉంచమని చెప్పను. కొత్త సెట్టు ఖరీదు ఒక హోటల్ భోజనం పాటి కూడా ఉండదు.

చూపుకు బాగున్న సెట్టును నేల మీదే ఉంచి, దగ్గర్లో బట్టలు, కాగితాలు లేకుండా చూసుకుని, పావుగంట వెలిగించండి. తర్వాత ప్లగ్గు పీకి ముట్టుకోండి. డబ్బా గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. ప్లగ్గు వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా, బుసబుసమన్న చప్పుడు వినిపించినా ఆ సెట్టు ఆయుష్షు తీరినట్టే.

రెండో పని: కొత్తవి కొనడం

ఎల్ఈడీ సీరియల్ లైట్లు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) తప్పనిసరి రిజిస్ట్రేషన్ కిందికి వస్తాయి. పెట్టె మీద బీఐఎస్ గుర్తు, దాని పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ నంబరు కొడితే ఏ కంపెనీకి ఇచ్చారో తెలుస్తుంది. దీపావళికి ఫుట్‌పాత్ మీద కుప్పగా పోసి అమ్మే సెట్లలో ఎక్కువ వాటికి పెట్టే ఉండదు, నంబరు సంగతి సరేసరి. వాటినే కొంటే కనీసం వాన, చెయ్యి తగలని ఇంటి లోపలి గోడలకు పరిమితం చేయండి.

ఆరుబయట వాడేదైతే, దుమ్ము, నీరు నుంచి ఎంత రక్షణ ఉందో చెప్పే ఐపీ నంబరు చూడాలి. ఐపీ 20 అంటే నీటి నుంచి రక్షణ ఏమీ లేదు. ఐపీ 44 చినుకులను, తుంపరలను తట్టుకుంటుంది. ఐపీ 65 అంటే పైపుతో నీళ్ళు కొట్టినా లోపలికి పోవు. ఒక మెలిక ఉంది. చాలా సెట్లలో ఆ రక్షణ తీగకు, బుల్బులకు మాత్రమే. డబ్బాకు, ప్లగ్గుకు ఉండదు. కాబట్టి ఏ నంబరున్నా ఆ రెండూ ఇంటి లోపలే ఉండాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు క్రిస్మస్ అయిపోయాక తగ్గింపు ధరకు కొని పంపే లైట్ల గురించి కూడా చెప్పాలి. అవి 120 వోల్టులవి. ప్లగ్గుకు అడాప్టర్ తగిలించి ఇక్కడి సాకెట్‌లో పెడితే సెట్టు వెంటనే మాడిపోతుంది, మంట కూడా రావచ్చు. పిన్ను ఆకారం మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు. యూఎస్‌బీతోనో బ్యాటరీతోనో నడిచేవైతే ఎక్కడైనా పనిచేస్తాయి, పంపేవాళ్ళకు ఆ మాటే చెప్పండి.

మూడో పని: ఏ చోటుకు ఏ లైటు

ఇక్కడ కొంచెం ఆలోచిస్తే మిగతా జాగ్రత్తలు సగం అవసరమే పడవు.

తులసి కోటతో మొదలుపెడదాం. కార్తీక మాసంలో దానికి లైట్లు చుట్టని ఇల్లు తక్కువ. తెల్లవారుజామున తలస్నానం చేసి, తడి బట్టలతో, చెప్పులు లేకుండా వచ్చి, చెంబుడు నీళ్ళు పోసి, చెట్టు చుట్టూ ప్రదక్షిణ చేస్తారు. కరెంటు షాక్‌కు ఇంతకన్నా అనువైన సందర్భం కావాలన్నా దొరకదు. తడి చర్మం కరెంటును ఎన్నో రెట్లు సులువుగా పోనిస్తుంది. తులసి కోటకు 230 వోల్టుల సెట్టు వద్దే వద్దు. రాగి తీగ మీద చుక్కల్లా ఉండే యూఎస్‌బీ లేదా బ్యాటరీ ఫెయిరీ లైట్లు, లేదా సోలార్ లైట్లు పెట్టండి. అవి 5 వోల్టులకు అటూ ఇటూగా నడుస్తాయి. యూఎస్‌బీ రకమైతే అడాప్టర్‌ను గది లోపల ఉంచి సన్న వైరు మాత్రమే బయటికి తేవాలి. అడాప్టర్ కూడా మంచి కంపెనీదే అయి ఉండాలి, నాసిరకం దాంట్లో లోపలి అడ్డు తెగితే 230 వోల్టులూ ఇటువైపుకు వచ్చేస్తాయి.

ఇనుప గేటు, మెట్ల రెయిలింగు, బాల్కనీ గ్రిల్, ఇవి అసలు ప్రమాదకరమైన చోట్లు. తీగ మీద ప్లాస్టిక్ ఎక్కడో ఒక్క చోట గీసుకుపోతే గ్రిల్ మొత్తానికి ఫేజు పాకుతుంది. గోడలో పాతిన గ్రిల్‌కు సరైన ఎర్తింగ్ ఉండదు కాబట్టి ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువగా పారితే దానంతటదే ఆగే మెయిన్ బోర్డు స్విచ్) పడిపోదు, లైట్లు ఎప్పటిలాగే మిణుకుమంటాయి, ఎవరికీ అనుమానం రాదు. బట్టలు ఆరేయడానికి వచ్చినవాళ్ళకో, గేటు తీసే పాలబ్బాయికో తెలుస్తుంది. వీలైనంత వరకు లైట్లను ఇనుము మీద కాకుండా పిట్టగోడకు, కిటికీ పైన సజ్జకు, చెక్క చట్రానికి కట్టండి. గేటు మీద కావాలంటే తక్కువ వోల్టేజీవే కట్టండి.

బంతిపూల దండలు, మామిడి తోరణాలతో కలిపి సీరియల్ తీగ చుట్టడం చూడ్డానికి బాగుంటుంది. కానీ పూలు వాడకుండా మనం నీళ్ళు చల్లుతాం. దండ తడి, దాని మీద తీగ, కింద ఇనుప చట్రం. పూలూ లైట్లూ పక్కపక్కనే వేరు వేరు వరసలుగా వేయండి, నీళ్ళు చల్లేటప్పుడు ప్లగ్గు తీసేయండి.

పిట్టగోడ మీద ప్రమిదలు పెట్టే ఇళ్ళలో లైట్లను గోడ బయటి వైపుకు, కనీసం రెండు మూడు అడుగుల ఎడంలో దింపండి. దీపం సెగకు సన్న ప్లాస్టిక్ నిమిషంలో కరుగుతుంది, పైగా గాలికి తీగ ఊగి ఒత్తుల మీదికి వస్తుంది. పూజ గదిలో హారతి కర్పూరం వెలిగించే ఎత్తుకు దగ్గరగా కూడా తీగ ఉండకూడదు.

క్రిస్మస్ స్టార్ల విషయంలో అసలు చూడాల్సింది లోపలి బుల్బు. కాగితపు స్టార్‌లో 60 వాట్ల పాత బుల్బు వేలాడదీసే రోజులు పోలేదు ఇంకా. అది చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. 5 నుంచి 9 వాట్ల ఎల్ఈడీ బుల్బు చాలు. స్టార్ బరువును వైరు మీద కాకుండా విడిగా ఒక తాడు మీద మోపండి, లేకపోతే హోల్డర్‌లోంచి వైరు ఊడి వస్తుంది. క్రీస్తు పుట్టుకను చూపే పశువుల పాక కట్టే ఇళ్ళలో ఎండుగడ్డి పరుస్తారు. అందులో ఫిలమెంట్ బుల్బు పెట్టొద్దు, బ్యాటరీ లైట్లు వాడండి. అయితే చొక్కా గుండీ లాంటి బిళ్ళ బ్యాటరీతో నడిచే చిన్న లైట్లు పసిపిల్లలున్న ఇంట్లో ఉంచొద్దు. ఆ బిళ్ళ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగారన్న అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

చివరిగా వీధి వైర్లు. బాల్కనీకి ఎదురుగా కరెంటు తీగలు పోయే వీధులు మనకు కొదవ లేదు. డాబా మీద నుంచి సీరియల్ తీగను కిందికి విసరడం, ఇనుప కర్రతో అందుకోవడం, ఎదురింటికి అడ్డంగా లాగడం అస్సలు చేయకండి. 11 కేవీ తీగను ముట్టుకోకపోయినా, దగ్గరికి వెళ్తే చాలు, మధ్యలో గాలిని చీల్చుకుని దూకుతుంది. ఆ పక్క గోడను చీకటిగా వదిలేయండి, పండగకు లోటేమీ రాదు.

నాలుగో పని: కట్టడం

సెట్టు మొత్తం కట్టడం అయ్యాకే ప్లగ్గు పెట్టాలి. వెలుగుతుంటే అందం తెలుస్తుంది కదా అని ఆన్‌లో ఉంచి సర్దడం చాలామందికి అలవాటు. ఏ వరస ఎలా ఉందో చూడాలంటే కిందికి దిగి, వెలిగించి, చూసి, ఆపి, మళ్ళీ ఎక్కండి.

కట్టు తీగ, సన్న జీఐ తీగ, మేకులు, స్టేప్లర్ పిన్నులు వద్దు. అవన్నీ ప్లాస్టిక్‌ను కోసేస్తాయి, పైగా ఇనుము కరెంటును మోస్తుంది. నూలు తాడు, పురికొస, ప్లాస్టిక్ ట్యాగులు, అతికించే హుక్కులు వాడండి. తీగను బిగించి లాగకండి, వదులుగా ఉంటే గాలికి తట్టుకుంటుంది. బట్టలారేసే తీగకు చుట్టడం మాత్రం వద్దు, అది కూడా ఇనుమే.

కిటికీ గుండా బయటికి తీసేటప్పుడు జారుడు తలుపు కింద నలగకుండా చూడండి. రోజుకు నాలుగుసార్లు వేసి తీసే తలుపు సందులో తీగ మూడు రోజులకు మించి బతకదు. వెంటిలేటర్ నుంచి తీయడం మేలు. గుమ్మానికి అడ్డంగా పట్టా కిందనో, తివాచీ కిందనో పోనీకండి.

ట్యూబులా ఉండే రోప్ లైటును చుట్ట విప్పకుండా ఎప్పుడూ వెలిగించొద్దు. చుట్టలో వేడి బయటికి పోక కరుగుతుంది. సీలింగ్‌లో పెట్టే 12 వోల్టుల స్ట్రిప్ కొంటే అడాప్టర్ లెక్క సరిచూసుకోండి. మీటరుకు 14.4 వాట్ల స్ట్రిప్ అయిదు మీటర్లు అంటే 72 వాట్లు, అంటే 6 ఆంపియర్లు. దీనికి 5 ఆంపియర్ల అడాప్టర్ పెడితే ఎప్పుడూ కాలుతూనే ఉంటుంది. 8 ఆంపియర్లది తీసుకోండి.

నిచ్చెన పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి. పండగ ప్రమాదాల్లో షాక్‌లతో పాటు పడిపోవడాలూ ఉంటాయి. ప్లాస్టిక్ కుర్చీ మీద స్టూలు వేసుకునే విద్య వద్దు.

అయిదో పని: ప్లగ్గు, బోర్డు

ప్లగ్గు ఊడిన సెట్టు కొసలను సాకెట్ రంధ్రాల్లో దూర్చి అగ్గిపుల్లలతో బిగించడం మన దగ్గర అందరికీ తెలిసిన పద్ధతే. ఆ అతుకు వదులై నిప్పురవ్వలు వస్తాయి, అగ్గిపుల్ల పక్కనే ఉంటుంది. కొత్త ప్లగ్గు టాప్ పెట్టించడానికి అయ్యే ఖర్చు ఎంతని. వదులు సాకెట్ అయితే దాన్ని మార్చండి.

లోడు గురించి చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు. 6 ఆంపియర్ల సాకెట్ 1,380 వాట్లు మోస్తుంది, ఎల్ఈడీ సెట్లు కొన్ని వాట్లే తింటాయి. పది పెట్టినా దానికి లెక్క కాదు. కానీ అదే ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఇస్త్రీ పెట్టె, హీటర్ గుచ్చితే కథ మారుతుంది. ఒక ఎక్స్‌టెన్షన్‌లో ఇంకో ఎక్స్‌టెన్షన్ గుచ్చొద్దు, వాటిని నేల మీద, బయట వరండాలో వదలొద్దు.

నిజంగా పట్టించుకోవాల్సింది ఆర్‌సీసీబీని. ఎంసీబీ వైరింగ్‌ను కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి గుండె ఆగడానికి ఆంపియర్‌లో చిన్న భాగం చాలు, 6 ఆంపియర్ల ఎంసీబీకి అది కనపడను కూడా కనపడదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అయితే కరెంటు మనిషి గుండా భూమిలోకి జారగానే రెప్పపాటులో తెంపేస్తుంది. మెయిన్ బోర్డులో అది ఉందో లేదో చూడండి. ఉంటే దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కండి, వెంటనే పడిపోవాలి. పడకపోతే మార్పించాకే లైట్లు కట్టండి. లేనే లేకపోతే పండగ బడ్జెట్‌లో మొదటి ఖర్చు అదే చేయమంటాను. అయితే ఒకే సమయంలో ఫేజు, న్యూట్రల్ రెండూ పట్టుకుంటే అది కూడా కాపాడలేదు.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళలో సీరియల్ సెట్టును ఇన్వర్టర్ లేని సాకెట్‌లోనే పెట్టండి. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైనులో కరెంటు ఉంటుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్‌కు ముందున్న ఆర్‌సీసీబీ ఆ లైనును కాపాడదు కూడా.

వాన వస్తే, పడుకునే ముందు

చవితి నైరుతి వానల్లో వస్తుంది. దీపావళి నాటికి కోస్తా, రాయలసీమల్లో ఈశాన్య రుతుపవనాలు, ఒక్కోసారి తుపాన్లు. చినుకు పడగానే బయటి సెట్ల ప్లగ్గులు తీసేయండి. తీగ పూర్తిగా ఆరే దాకా, అంటే మర్నాడు ఎండ తగిలే దాకా పెట్టొద్దు. డిసెంబరు మంచు కూడా తడే అని గుర్తుంచుకోండి. వైరు సాకెట్ దగ్గరికి రాకముందు కిందికి ఒక మడతలా వేలాడేలా వదలండి, దాని వెంట జారే నీరు ఆ మడత దగ్గరే కిందికి కారిపోతుంది, ప్లగ్గులోకి పోదు.

పడుకునేటప్పుడు, ఊరెళ్ళేటప్పుడు ఆపాల్సిందే. గుర్తుండదనుకుంటే టైమర్ ప్లగ్గో స్మార్ట్ ప్లగ్గో పెట్టి రాత్రి పదకొండుకు ఆగేలా చేసుకోండి.

తేడా వస్తే

షాక్ కొట్టి ఎవరైనా అంటుకుపోతే వాళ్ళను ముట్టుకోకండి. ముందు మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపండి. అది వెంటనే కుదరకపోతే పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో వాళ్ళను తీగ నుంచి విడదీయండి. 108కి ఫోన్ చేయండి, ఊపిరి ఆడకపోతే అంబులెన్స్ వచ్చే దాకా ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూనే ఉండండి. మనిషి లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా ఒకసారి డాక్టరుకు చూపించడం మంచిది, గుండె లయ తర్వాత తప్పొచ్చు. వీధి తీగ తగిలిన షాకైతే దగ్గరికే వెళ్ళకండి. ముందు కరెంటు సంస్థ నంబరు 1912కి చెప్పి సరఫరా ఆపించాలి.

మంట వస్తే కరెంటు ఆపకముందు నీళ్ళు పొయ్యొద్దు. ఇసుక, డ్రై పౌడర్ సిలిండర్ వాడండి. చేయి దాటుతుంటే అందరినీ బయటికి తెచ్చి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

విప్పి దాచడం

ఒక కొస పట్టుకుని సెట్టంతా ఒక్కసారిగా లాగకుండా, కట్టిన వరసకు వెనక నుంచి విప్పుకుంటూ రండి. పొడి గుడ్డతో తుడిచి, ఒక పూట నీడలో ఆరబెట్టండి. అట్టముక్క మీద వదులుగా చుట్టండి, ముడి వెయ్యొద్దు. ఎలుకలు కొరకని మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఏ ఏడు కొన్నారో, ఎన్ని అతుకులున్నాయో, లోపలిదో బయటిదో ఒక చీటీ మీద రాసి అతికించండి. బ్యాటరీ లైట్లలోంచి సెల్లులు తీసేయండి, లేకపోతే కారి డబ్బా పాడవుతుంది. పనికిరాని సెట్లను అటక మీదికి పంపకండి, వచ్చే పండక్కి ఎవరో ఒకరు దించి ప్లగ్గు పెడతారు. ప్లగ్గు కత్తిరించేసి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకు ఇచ్చేయండి.